టూరింగు టాకీసులో రాకుమారి

శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. ఏడు నెలలు తిరిగేసరికి, 1951 మార్చి 15న ‘పాతాళభైరవి’ వచ్చింది. ఈ రెండింటినీ ఒకచోట చెప్పడానికి కారణం ఉంది. ఆ సినిమాకి కథ, మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు పుట్టిన ఊరు ఆ జిల్లాలోకి చేరిన రాజాం. ఆయన పెరిగింది బందరులో, కొన్నాళ్లు ఉద్యోగం చేసింది ఖరగ్‌పూర్ రైల్వేలో. మనవాళ్లు బతుకుతెరువుకి ఏళ్ల తరబడి రైలెక్కి వెళ్లిన ఊరే అది. సంగీతం చేసిన ఘంటసాల జోలె పట్టి మధూకరం ఎత్తుకుంటూ పాట నేర్చుకున్నది విజయనగరంలో, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర. సాలూరు పక్కన శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు ‘మాయాబజార్’ పాటల్లో కొన్నిటికి వరసలిచ్చారు. 1960ల నాటికి తెర మీద రాకుమారి పాడిందంటే అది చాలాసార్లు విజయనగరం ఆడపడుచు పి. సుశీల గొంతే. తోటమాలి కొడుకు రాకుమారిని ప్రేమించడం, ఎవడో మాంత్రికుడు అడ్డుపడడం, నవ్వుల మధ్య ఆ అడ్డు తొలగిపోవడం, చివరికి పెళ్లి. ఇలాంటి కథలు మద్రాసు స్టూడియోల్లో తయారైనా వాటి పలుకులోను పాటలోను మన ప్రాంతం పాలు పెద్దది. ఆ సినిమాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. వాటిని ఊరంతా కలిసి చూసిన బతుకు మాత్రం పోయింది. మన ఊళ్లని ఆ సినిమాలు ఎందుకంతగా పట్టుకున్నాయని అడిగితే మంత్రాలూ మాయలూ అని చాలామంది జవాబు చెబుతారు. నాకు అది సరిపోదు. మంత్రాలు పౌరాణికాల్లోనూ ఉన్నాయి, వీధినాటకాల్లోనూ ఉన్నాయి. జానపద చిత్రం కొత్తగా ఇచ్చింది వేరొకటి: ప్రేమని బరువు లేకుండా, ఎవరికీ తలవంపు కాకుండా చూపించడం.

ముందు ఆ చూడడం ఎలా ఉండేదో చెప్పాలి. కోతలయ్యాక ఎండిన మడిలోనో సంత జరిగే మైదానంలోనో టూరింగు టాకీసు దిగేది. గుంజలు, డేరా గుడ్డ, చుట్టూ తాటాకు దడి. కొన్ని చోట్ల రేకుల షెడ్డు. పక్కా హాలుకిచ్చే లైసెన్సు కాదు గనక గడువు తీరితే విప్పుకుని మరో ఊరికి పోవలసిందే. కరెంటు లేని చోట ఆయిలింజను. మధ్యాహ్నం నుంచి ఊళ్లమ్మట బండి తిరిగేది, రెండు పక్కలా అట్టల మీద కత్తి దూసిన వీరుడి బొమ్మ, ముందు డప్పు, వెనక నోటీసుల కోసం పరుగెత్తే పిల్లలు. చీకటి పడ్డాక మైకులో దేవుడి పాట వినిపించిందంటే ఆట మొదలవబోతోందని పొరుగూళ్లకి కబురు. నేల, బెంచీ, కుర్చీ. నేలలో ఆడవాళ్లకి ఒక పక్క, మగవాళ్లకి ఒక పక్క, మధ్య నడుమెత్తు దడి. ఉన్నది ఒక్కటే ప్రొజెక్టరు, కాబట్టి చుట్ట అయిపోయినప్పుడల్లా దీపాలు వెలిగేవి. మూడు గంటలు దాటిన ‘పాతాళభైరవి’ లాంటి సినిమాకి ఇన్ని విరామాలు కలిపితే రెండో ఆట వదిలేసరికి తెల్లారగట్ల కోడి కూసే వేళయ్యేది. ఆ విరామాల్లోనే మురీలు, పుణుకులు, వేరుశనక్కాయలు, గోలీ సోడా. ఆ విరామాల్లోనే జరిగిందాని మీద తీర్పులు, జరగబోయేదాని మీద పందేలు. పెద్ద పట్నాల్లో ఆడి ఆడి గీతలు పడ్డ ప్రింటు ఆఖరికి ఇక్కడికి చేరేది. నిలువునా వాన కురుస్తున్నట్టుండే ఆ బొమ్మని కళ్లప్పగించి చూసేవారు.

ఇందులో గమనించవలసింది ఆడవాళ్ల సంగతి. పగలంతా ఊడ్పులు, కలుపులు, వంట, పశువులు. రాత్రిపూట ఊరు దాటి వెళ్లి, అర్ధరాత్రి గుంపుగా నవ్వుకుంటూ తిరిగి రావడానికి వాళ్లకి ఏడాదిలో దొరికే సందర్భాలు బహు తక్కువ: అమ్మవారి పండగ, భాగవతం, సినిమా. జానపద చిత్రమంటే పెద్దలకి అభ్యంతరం ఉండేది కాదు. ముసలమ్మ దగ్గర్నుంచి చంటిపిల్ల దాకా ఇంటిల్లిపాదీ బండెక్కేవారు. ప్రేమకథే అయినా అది రాజుల కాలం నాటి ప్రేమ, కథలోని ప్రేమ. కనక అత్తా కోడలూ పక్కపక్కన కూర్చుని చూడొచ్చు. ఈ వెసులుబాటు చిన్నదిగా కనిపిస్తుంది కానీ నా వాదనంతా దీని మీదే నిలబడుతుంది.

అప్పటి సాంఘిక చిత్రాల్లో ప్రేమకి అడ్డెవరో చూడండి. 1953 నాటి ‘దేవదాసు’లో అడ్డం వచ్చేది తండ్రి, వంశ ప్రతిష్ఠ, అన్నిటికన్నా ముఖ్యంగా ప్రేమించినవాడి పిరికితనం. ప్రేమ పక్షాన ఉండాలంటే చూసేవాళ్లు ఒక తండ్రి మీద, ఒక ఇంటి మీద కోపం తెచ్చుకోవాలి. మేనరికాలతో, పెద్దలు కుదిర్చిన సంబంధాలతో సాగే ఊళ్లో ఆ కోపం తిన్నగా సొంతింటి మీదికే వచ్చి పడుతుంది. పక్కన కూర్చున్న అత్తగారి మొహం చూడలేని పరిస్థితి. జానపద చిత్రం ఆ అడ్డుకి వేరే రూపం ఇచ్చింది. శాపం, వరం, పోయిన ఉంగరం, నేపాళ మాంత్రికుడు. అడ్డు బయటిది, కంటికి కనిపించేది, పేరున్నది, గెలవదగినది. కాబట్టి ప్రేమికుల వైపు నిలబడి హాలంతా ఈల వేసినా ఏ ఇంటికీ అపచారం జరగదు. మనసులో దాచుకున్న కోరికని పదిమందిలో చెప్పుకోవడానికి ఇంతకన్నా మర్యాదైన దారి లేదు.

పేరుకి పౌరాణికమే అయినా జానపదంలాగే నడిచే ‘మాయాబజార్’ (1957) దీనికి విరుద్ధంగా ఉందని ఎవరైనా అనవచ్చు, నిజమే. అక్కడ అడ్డుపడేది మాంత్రికుడు కాదు, శశిరేఖ కన్నతల్లి రేవతి. మేనత్త కొడుకు అభిమన్యుడికి ఇస్తామన్న పిల్లని, పాండవులు ఆస్తి పోగొట్టుకున్నారు గనక వేరొకరికి ఇవ్వబోతుంది. ఇది ద్వాపరయుగం కథ కాదు, ప్రతి ఊళ్లోనూ జరిగే కథ. ఆస్తి చితికిన ఆడపడుచు ఇంటితో వియ్యం తప్పించుకోవడం ఎరగని పల్లె లేదు. అయితే పింగళి, దర్శకుడు కె.వి. రెడ్డి కలిసి ఆ గాయాన్ని ఎలా తాకారో చూడాలి. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఆ ఇంట్లోకి దూరగానే తగువంతా నవ్వులాటగా మారుతుంది. తల్లి తప్పు తల్లికి తెలిసి వస్తుంది, ఎవరూ ఆమెని నలుగురిలో నిలదీయరు, కుటుంబం ముక్కలు కాదు. అసలు శశిరేఖ ఎదురాడితే అది కన్నీళ్ల సినిమా అయ్యేది. శశిరేఖ రూపంలోని రాక్షసుడు ఎదురాడాడు గనక అందరూ నవ్వారు. అడ్డు ఇంట్లోనే ఉన్నప్పుడు సైతం మాయ చేసిన పని అదే, తగువులోని విషం తీసి తగువుని మిగల్చడం.

ఈ తేలికదనం ఊరికే రాదు, దాన్ని రాయాలి. ‘పాతాళభైరవి’ చివరి భాగం ఒకసారి దగ్గరగా చూడండి. మాంత్రికుడు తోటమాలి కొడుకు తోటరాముడి మేడని, రాకుమారి ఇందుమతిని మాయం చేసి తన గుహకి తెచ్చుకున్నాడు. ఎస్.వి. రంగారావు ఆ పాత్రని ఎంత భయంకరంగా నిలబెట్టారో తెలిసిందే. అతడి శక్తి గడ్డంలో ఉంది. కత్తితో అతణ్ణి గెలవలేరు. తోటరాముడి స్నేహితుడు అంజి, మాంత్రికుడి శిష్యుడు సదాజపుడి వేషంలో చేరి, ఆ గడ్డం తీసేస్తే రాకుమారికి నచ్చుతారని నమ్మిస్తాడు. అంతటి మాంత్రికుడు నమ్ముతాడు! గడ్డం తీయించుకుంటాడు, దానితో శక్తులూ పోతాయి. నాలుగు కాలాలు తపస్సు చేసి సంపాదించినదాన్ని ఒక ఆడపిల్ల తనకేసి ఇష్టంగా చూస్తుందన్న ఆశతో వదులుకున్నాడు. దుర్మార్గుణ్ణి కూడా ప్రేమించబడాలన్న కోరికే పడగొట్టింది. ఇంతకు మించిన ప్రేమకథా సూక్ష్మం ఏ గంభీరమైన నవలలో ఉన్నా, నేల టిక్కెట్టు కొన్న మనిషికి నవ్వులో కలిపి అందించినది ఇది. బలవంతంగా ఎత్తుకొచ్చినంత మాత్రాన పిల్ల మనసు రాదన్న నీతిని ఇక్కడ ఎవరూ ఉపన్యసించరు. గడ్డం లేని రంగారావు మొహం చూపిస్తారు, అంతే.

మన ప్రేక్షకులు ఇలాంటి రుచికి కొత్తవాళ్లు కారు. తూర్పు భాగవతం ఉత్తరాంధ్ర జిల్లాలదే. మద్దెల దరువు మీద తెల్లవార్లూ నడిచే ఆ ఆటలో సత్యభామగా వేసేది మీసకట్టు గీసుకున్న మగవాడు. అది అందరికీ తెలుసు. పగలు పొలంలో చూసిన మనిషే రాత్రి జడ ముందుకేసుకుని శ్రీకృష్ణుడి మీద అలుగుతుంటే ఊరు మైమరిచి చూసింది. నిజమని నమ్మి కాదు, నటన అని తెలిసి, తెలిసినందువల్లనే. ఒక ఆడమనిషి అభిమానం, విరహం, భర్తతో తగువు రాత్రంతా వినోదంగా నడవగలవని ఈ ప్రాంతానికి సినిమా నేర్పలేదు. తెర మీదా అంతే. జానపద చిత్రాల దర్శకుడు విఠలాచార్య సినిమాల్లో అస్థిపంజరం లేచి నడిచినప్పుడు, మనిషి చిలకైపోయినప్పుడు, కెమెరా ఆపి మళ్లీ తిప్పారన్న అతుకు మామూలు కంటికి తెలిసిపోతుంది. ఆ అతుకు దాచిపెట్టలేకపోవడం లోపమని విమర్శకులు రాశారు. నేను ఒప్పుకోను. అతుకు తెలియడమే చూసేవాడికీ తీసినవాడికీ మధ్య ఒప్పందం. ‘ఇది ఆట సుమా’ అని ఇద్దరికీ తెలుసు. భయపడడం కూడా ఆటలో భాగమైంది, అందుకే చంటిపిల్లలు దయ్యాన్ని చూసి ఏడవకుండా కేరింతలు కొట్టారు. మార్కస్ బార్ట్లే లాంటి ఛాయాగ్రాహకుడు స్టూడియోలో వెన్నెల పుట్టించినప్పుడు అతుకు లేదు, అది వేరే గొప్పదనం. కానీ రెండిటినీ ఒకే డేరా కింద ఒకే మనసుతో చూశారు.

ఇప్పుడు అసలైన అభ్యంతరానికి వద్దాం. ఇది గురజాడ నేల. 1892లో ‘కన్యాశుల్కం’ ఆడింది విజయనగరంలో. రావిశాస్త్రి శ్రీకాకుళంలో పుట్టారు, చాసో విజయనగరంలో ఉండి రాశారు, కాళీపట్నం రామారావు (కారా మాస్టారు) శ్రీకాకుళంలో కథానిలయం కట్టారు. ఉన్నదున్నట్టు చూడమని తెలుగువాళ్లకి నేర్పిన ప్రాంతం, తోటరాముడి కథలకి మురిసిపోవడం ఏమిటని అడిగేవారున్నారు. 1960ల్లో కారా మాస్టారు రాసిన ‘యజ్ఞం’ని తీసుకుందాం. తరం మారినా తీరని అప్పు, ఆ అప్పు కింద నలిగిన కుటుంబం, బానిస బతుకు బతకనివ్వనని కన్నబిడ్డనే నరికిన సీతారాముడు. దాని పక్కన పాతాళభైరవి బొమ్మ కోరిందల్లా ఇవ్వడం పసితనంగా తోస్తుంది. కానీ తోటరాముడి సమస్య కూడా డబ్బే అని మరచిపోతున్నాం. ఉజ్జయిని రాజు అతణ్ణి కులం అడగలేదు, చదువు అడగలేదు, తనతో సమానమైన ఐశ్వర్యం తెచ్చుకు రమ్మన్నాడు. అతడు మాంత్రికుడి వెంట పాతాళభైరవి బొమ్మ ఉన్న గుహకి వెళ్లిందే అందుకు. బీదవాడు ప్రేమించాలంటే ముందు ప్రాణం పణంగా పెట్టి సంపాదించాలని ఆ సినిమా మొదటి గంటలోనే చెప్పింది. ఖరగ్‌పూర్‌కో రంగూన్‌కో కలకత్తా జనపనార మిల్లులకో మగవాళ్లు వెళ్లిన ఊళ్లలో ఆ మాట ఎవరికీ వింతగా తోచి ఉండదు. ఇద్దరు రచయితలూ ఒకే లేమిని చూశారు. అది మనిషిని ఏం చేస్తుందో కారా చూపించారు, అది లేకపోతే మనిషి ఎంత సరదాగా ఉండగలడో పింగళి చూపించారు. రెండోది తెలియకపోతే మొదటిదానిలో ఏం పోయిందో తెలియదు.

మత్తుమందు అన్న మాట కూడా అన్నారు. పేదవాణ్ణి జోకొట్టడానికే ఈ కథలని. దానికి జవాబు చరిత్రే చెప్పింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయాక రాజుకున్న గిరిజన పోరాటం జానపద చిత్రాలు ముమ్మరంగా ఆడుతున్న కాలంలోనే, అప్పటి శ్రీకాకుళం జిల్లాలోనే నడిచింది. ఆ పోరాటంలో బొడ్డపాడుకి చెందిన సుబ్బారావు పాణిగ్రాహి జనాన్ని కూడగట్టడానికి జముకుల కథ ఎత్తుకున్నారు, అంటే ఊరు రాత్రిపూట వినోదం కోసం కూర్చునే అలవాటునే వాడుకున్నారు. 1969 డిసెంబరులో ఆయన ప్రాణం పోయింది. రాకుమారి కథ చూసిన ఊళ్లు నిద్రపోలేదు.

ఆడపిల్లని బహుమానంగా చూపిస్తాయన్న విమర్శ మాత్రం అంత తేలిగ్గా తోసేయగలది కాదు. రాజు షరతు పెడతాడు, వీరుడు నెగ్గుతాడు, పిల్ల చేతికొస్తుంది. ‘బందిపోటు’ (1963) లాంటి వాటిలో పొగరుమోతు రాకుమారిని వీరుడు దారికి తేవడమే సరసం. ‘జగదేకవీరుని కథ’ (1961)లో ఒక్కడికి నలుగురు దేవకన్యలు. ఇవాళ వాటిని చూసే అమ్మాయికి ఇబ్బందిగా ఉంటే ఆ ఇబ్బంది న్యాయమే. అయినా ఆ సినిమాలో చీర సంగతి మరొక్కసారి చూడమంటాను. స్నానమాడుతున్న ఇంద్రుడి కూతురు జయంతి చీరని వీరుడు దాచేస్తాడు, ఆమె నేల మీద చిక్కుపడిపోతుంది. అది దొంగతనమే. కథ ఆ దొంగతనం దగ్గర ఆగిపోలేదు. దాచిన చీర వీరుడి తల్లి చేతుల మీదుగా మళ్లీ జయంతికి చేరుతుంది, ఆమె తిన్నగా తన లోకానికి వెళ్లిపోతుంది. అప్పుడు వీరుడు ఆమె లోకానికి వెళ్లి ఆమెని మళ్లీ పొందవలసి వచ్చింది. వెళ్లిపోయే స్వేచ్ఛ చేతిలో ఉన్నాక కలిసిందే కలయిక అని ఆ కథ ఒప్పుకుంది. 1990 మే 9న విడుదలైన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో చీర స్థానంలో ఉంగరం వచ్చింది. శ్రీదేవి ఇంద్రజకి ఆ ఉంగరం ఉంటేనే స్వర్గానికి దారి. తుపాను వచ్చి పడిన రోజుల్లో కూడా ఆ సినిమాకి జనం విరగబడ్డారంటే, దాదాపు ముప్పై ఏళ్లు గడిచినా అలాంటి కథ మీద కోరిక చావలేదన్నమాట. 2025 మేలో దాన్ని మళ్లీ థియేటర్లలో వేశారు.

మరి ఆ బతుకు ఎందుకు పోయింది? పక్కా హాళ్లు వచ్చాయి, ఊరూరా కరెంటు వచ్చింది, వీడియో వచ్చింది, 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. డేరా విప్పుకుపోయినవాళ్లు తిరిగి రాలేదు. జానపద చిత్రం మాత్రం అంతకు ముందే, డెబ్భైల్లోనే నీరసించింది. రంగులు రావడం దీనికి ఒక కారణమని నా నమ్మకం. నలుపు తెలుపులో అట్టముక్క కోట కోటలాగే ఉంటుంది, రంగుల్లో అది అట్టముక్కని చెప్పేస్తుంది. అతుకు తెలియడం వేరు, చవకదనం తెలియడం వేరు. టీవీలో ఆ సినిమాలన్నీ వచ్చాయి, వస్తున్నాయి, కానీ ఇంట్లో నలుగురు చూసినప్పుడు పైన చెప్పిన ఒప్పందం కుదరదు. అత్తా కోడలూ ఒకే గదిలో ఉన్నా, ఊరంతా ఈల వేస్తున్నప్పుడు దొరికే చాటు దొరకదు. తరవాత ‘బాహుబలి’ (2015, 2017) వచ్చి రాజులనీ కోటలనీ యుద్ధాలనీ తిరిగి తెచ్చింది. దాని పనితనానికి నమస్కారం. కానీ అది ప్రతిజ్ఞలు, పగలు, సింహాసనాల కథ. అక్కడ ప్రేమ ఉంది, ఆటవిడుపు లేదు. జనాన్ని నివ్వెరపరచడానికి డబ్బు పెడుతున్నారు, నవ్వించి ప్రేమని ఒప్పించే మాటకారిని వెతకడం లేదు.

చివరి మంచి జానపదం కూడా మన ప్రాంతంతో ముడిపడినదే. 1994లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘భైరవద్వీపం’కి రాసినవారు శ్రీకాకుళంలో చదువుకుని పెరిగిన రావి కొండలరావు. నిర్మించింది విజయా నాగిరెడ్డి గారి కుటుంబమే. అందులో వీరుడు రాకుమారిని కాపాడడం కోసం తన అందాన్ని వదులుకుని గూనివాడిగా, కురూపిగా మారిపోతాడు. అంతకు నలభై మూడేళ్ల ముందు రాజాంలో పుట్టిన రచయిత, రాకుమారి కోసం అందగాడు కాబోయి శక్తి పోగొట్టుకున్న మాంత్రికుణ్ణి సృష్టించాడు. ఇక్కడ అదే ఆశ తలకిందులైంది: ప్రేమ కోసం అందం సంపాదించాలనుకున్నవాడు ఓడాడు, అందం ఇచ్చేసినవాడు గెలిచాడు. బాలకృష్ణ లాంటి కథానాయకుణ్ణి ఆ రూపంలో చూపించినా జనం ఒప్పుకున్నారు. వీడియో గేములూ కేబుల్ టీవీ వచ్చేస్తున్న రోజుల్లో, డేరాలు పోయిన పల్లెల్లో సైతం అది ఆడిందంటే ఈ రుచి ఇంకా బతికే ఉందనడానికి నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. అలాంటి కథ రాయగలవాళ్లు ఇవాళ రాజాంలోనో ఆమదాలవలసలోనో బొబ్బిలిలోనో ఉంటే, వాళ్లకి వందల కోట్ల సెట్టింగులు అవసరం లేదు. గడ్డం గీయించుకోవడానికి సిద్ధపడే మాంత్రికుడు ఒకడు చాలు.